ఎల్లవ్వ తొడిగిన కడియాలు

1976 జూలై 12వ తేదీన పోలీసు శాఖలో మహిళా కానిస్టేబులుగా అడుగుపెట్టి, మూడు దశాబ్దాలకు పైబడిన అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి శారమ్మ గారిని గూర్చి రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను ఆదేశించారు. "కొంచెం మర్యాదగా రాయండి బాపురావు గారూ" అని హెచ్చరించారు కూడా. ఒకే స్టేషనులో ఏళ్ల తరబడి ఆమె చేత చీవాట్లు తిన్నవాణ్ణి. నాకున్న కాస్త మర్యాదా ఆమె నేర్పినదే.

డిచ్‌పల్లి వాస్తవ్యులు, మెథడిస్టు సంఘంలో గౌరవనీయులు అయిన దాసు గారి కుమార్తె శారమ్మ గారు. నుదుట బొట్టు లేదు, ఒంటిమీద నగ లేదు, నోట అబద్ధం అసలే లేదు. తొలినాళ్లలో మహిళా ఖైదీల సంరక్షణ, జాతర బందోబస్తు వంటి విధులను నిర్వహించి, 1988లో హెడ్ కానిస్టేబులుగా పదోన్నతి పొంది నిజామాబాదులోని మా స్టేషనుకు వచ్చారు.

1990 చలికాలంలో బోధన్ ప్రాంతాన చెరుకు కోతలు మొదలయ్యాయి. మనిషెత్తు దాటి పెరిగే ఆ తోటల్లో ఏ ఘోరం జరిగినా కోతలు వచ్చేదాకా లోకానికి తెలియదు. ఆ ఏడు కోతలతో పాటు ముగ్గురు స్త్రీల మృతదేహాలు ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. ముగ్గురూ నిజామాబాదులో కూలీల అడ్డా మీద పనికోసం నిలబడినవారే. ముగ్గురి కాళ్లకూ ఉండే వెండి కడియాలు మాయమైనాయి. జిల్లా అంతా వణికిపోయింది.

ఆ రోజుల్లోనే వేల్పూరు నుండి ఎల్లవ్వ అనే తల్లి మా వరండాలోకి వచ్చి కూర్చునేది. కూలికని పోయిన ఆమె బిడ్డ గంగామణి వానాకాలం నుండి ఇంటికి రాలేదు. "ఎవనితోనో పోయి ఉంటది, ఎతుక్కోపో" అని మావాడొకడు కసురుకున్నాడు. ఎల్లవ్వ కదలలేదు. "సచ్చిందో బతికిందో చెప్పుండ్రి సారూ. గదొక్కటి చెప్తే నేను మల్ల రాను" అన్నది. శారమ్మ గారు లేచి వెళ్లి ఆమె పక్కన కింద కూర్చున్నారు. "నేను చెప్త అవ్వా. ఎట్లనన్న తెలుసుకొని నేనే వచ్చి చెప్త" అన్నారు.

అడ్డా మీది ఆడవాళ్లతో మాట కలిపిన శారమ్మ గారికి ఒక సంగతి తెలిసింది. మేస్త్రీనని చెప్పుకొనే ఒకడు వస్తాడు, పదిమందిని కాదు, ఒక్క మనిషినే పిలుస్తాడు. "వాడు మొఖం సూడడక్కా, కాళ్లు సూస్తడు" అన్నదట ఒకామె. కూలి వేషంలో తానే నిలబడతానని శారమ్మ గారు అడిగారు. అధికారులు తటపటాయించి, చివరకు ఒప్పుకున్నారు. బొట్టు పెట్టుకోవడానికి ఆమె ఎంత ఇబ్బంది పడ్డారో నేను చూశాను. అంతలో వరండాలోని ఎల్లవ్వ సబ్బు నీళ్లడిగి, చర్మం గీరుకుపోతున్నా లెక్కచేయక తన కడియాలు ఊడదీసి, శారమ్మ గారి కాళ్లకు తొడిగింది. "ఉత్త కాళ్లు జూస్తే వాడు రాడు బిడ్డా. భద్రంగ రా."

వాడు రానే వచ్చాడు. పేరు నర్సింలు. చెరుకు తోటలో పనుందని చెప్పి శారమ్మ గారిని బోధన్ బస్సెక్కించాడు. మేము జీపులో వెనుకే బయలుదేరాము గాని, ఎడపల్లి దాటగానే చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు రోడ్డంతా ఆక్రమించాయి. జీపు దిగి పరుగెత్తాము. బస్సు కనబడకుండా పోయింది. దేవుడా, ఆ పరుగు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది!

తోటలో జరిగినది ఆమె న్యాయస్థానంలో చెప్పగా విన్నాను. తోట లోపలి గట్టు మీద కూర్చోమన్నాడు. "కడియాలు దియ్యి, బురదల జారిపోతయి" అన్నాడు. "రావన్నా, గట్టిగున్నయి" అన్నారీమె. వాడు సంచిలోంచి తడిబట్టలో చుట్టిన సబ్బు ముక్క తీశాడు. వాడు ఏ పనికి వచ్చాడో ఆ సబ్బుతో ఆమెకు రూఢి అయింది. అప్పుడే అరవవచ్చు. అరిస్తే వాడు పారిపోతాడు, ఎల్లవ్వకు జవాబు దొరకదు. ఆమె కాలు చాచారు.

"గీ సబ్బుతోని ఎంతమందియి దీసినవన్నా?" అని నవ్వుతూ అడిగారట.

"శానమందియి. వానలల్ల వేల్పూరామె నీ లెక్కనే సతాయించింది. గిదే గెట్టు మీద."

వాడి రెండు చేతులూ ఆమె పాదం మీద ఉన్నాయి. రెండవ కాలితో, ఎల్లవ్వ కడియం బరువంతా కలిపి, వాడి రొమ్ము మీద తన్ని కేక పెట్టారు. దారిలో వారినీ వీరినీ అడుగుతూ ఆ తోటల దాకా వచ్చిన మేము, ఆ కేక పట్టుకొని చేరేసరికి ఆమె వాడి మీద కూర్చొని, వాడి తువ్వాలతోనే చేతులు కట్టేస్తున్నారు. "ఏడ సచ్చిన్రు మీరంత?" అని మమ్మల్ని తిట్టారు. తరువాత వంగి, ఎల్లవ్వ కడియాలకు అంటిన బురదను చీర చెంగుతో తుడిచారు.

వాడే చూపిన చోట, అదే తోటలో గంగామణి దొరికింది. మాట ఇచ్చిన ప్రకారం శారమ్మ గారే వేల్పూరు వెళ్లి ఆ తల్లికి చెప్పారు. 1993లో సెషన్సు న్యాయస్థానం నర్సింలుకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. పతకం ఎవరికి వచ్చిందో నేను రాయను. వారు కూడా ఈ సంచిక చదువుతారు. సాక్ష్యంగా పెట్టిన కడియాలను కోర్టు తిరిగి ఇచ్చిన నాడు, శారమ్మ గారు యూనిఫారంతోనే వరండాలో కింద కూర్చొని వాటిని ఎల్లవ్వ కాళ్లకు తొడిగారు. అక్కడ నిలబడి నేను ఏడ్చాను, దాచుకోవలసిన పనేముంది.

ఆ తరువాత ఆమె ఎన్నో కేసులలో కీర్తి గడించి, ఎందరో కొత్త కానిస్టేబుళ్లను తీర్చిదిద్దారు. శేషజీవితం ఆరోగ్యంతో, మనుమల సందడితో, మమ్మల్ని తిట్టే ఓపికతో నిండుగా సాగాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. దీర్ఘాయువు కోరే మాట మాత్రం నాది కాదు. ఈ వ్యాసం కోసం మొన్న వేల్పూరు వెళ్లి ఒక్క మాట చెప్పమని అడిగితే, ఎల్లవ్వ తన కాళ్లవైపు చూసుకొని అన్నది:

"నేనేం జెప్త సారూ. నా బిడ్డ బతుకని ఏండ్లున్నయి గద. అవన్ని గామెకు వోవాలె."