బల్బు తీసేసిన శనివారం

ఏదీ, ఆ నల్ల దిమ్మా? ఒక్కదానివే ఎత్తకు అమ్మలూ, నడుం పట్టేస్తుంది. పాతిక కిలోలకి తక్కువుండదు. ట్రాన్స్‌ఫార్మర్ అది, మీ తాతయ్యది. పాత సామాన్లవాడికి వేసేస్తావా? వేసెయ్, ఎవరికి కావాలి ఇప్పుడు. ఉండు, కాస్త కూర్చోనీ నన్ను. మీ మేడమెట్లు ఎక్కితే చాలు, ఆయాసం ముంచుకొస్తోంది. దారంతో కట్టిన అట్టముక్క ఉందా దానికి? ఉంటుంది. మా బావ ప్రతి వస్తువుకీ కట్టేవాడు, ఎక్కడ దొరికింది, ఎన్ని వోల్టులు, అన్నీ. మా అక్క, అదే, మీ నానమ్మ, "నాకూ ఒకటి కట్టండి, ఎక్కడ దొరికానో మర్చిపోతారు" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. నిజంగానే అట్టముక్క కోసం వెతికేవాడు.

ఏం చెప్తున్నాను? ఆఁ, రేడియో. ఉద్యోగం కాదు, సరదా. ఇదే గదిలో కూర్చుని సముద్రానికి అవతలున్న ఒక గడియారాల మెకానిక్‌తో ప్రతి ఆదివారం పొద్దున మాట్లాడేవాడు. పదకొండేళ్లు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఏం మాట్లాడుకునేవాళ్లంటావా, ఏముంది, వాన పడిందా, దగ్గు తగ్గిందా. ఆ దగ్గే చివరికి ఆ మెకానిక్ గొంతు మీదికి తెచ్చింది. ఆపరేషన్ అన్నారట, ఆ తర్వాత ఇక మాట రాదట. వచ్చే ఆదివారం ఆఖరుసారి అన్నాడు. ఆయన మాట మనకి బాగానే వస్తోంది, కొన్నాళ్లుగా మన మాటే అక్కడికి సరిగ్గా అందటం లేదు. పెద్ద యాంప్లిఫయర్ నడవాలి, దానికి ఇంత దిమ్మ కావాలి. కొత్తది కొనే తాహతెక్కడిది? ఊరంతా గాలించి దీన్ని పట్టుకొచ్చాడు బావ. ఏళ్ల తరబడి గోదాంలో చెమ్మ తాగిన సరుకు.

అలాంటిదాన్ని నేరుగా కరెంటుకి పెట్టకూడదు తల్లీ. మధ్యలో ఒక మామూలు బల్బు పెట్టాలి. కరెంటు ఆ బల్బులోంచి కొంచెం కొంచెంగా వెళ్తుంది, లోపలి చెమ్మ మెల్లగా ఆరుతుంది. మూడు రోజులు ఓపిక పట్టాలి. "జ్వరం తగ్గినవాడికి గంజి పోసినట్టు పొయ్యాలోయ్" అనేవాడు. గురువారం పెట్టాడు. శనివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. రెండు రోజులైందిగా, చాల్లే అనుకున్నాను. ఆయన లేచేసరికి అంతా సిద్ధం చేసి, చూశావా బావా అనాలని. అంతే, ఇంకో ఉద్దేశం లేదు. బల్బు తీసేసి, నేరుగా కరెంటుకి కలిపేశాను.

గుర్రుమంది. పొగ. ఆ మాడు వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఏం చేశానో తెలుసా? గబగబా బల్బు మళ్లీ ఎప్పట్లా తగిలించి, పెరట్లోకి పోయి కూర్చున్నాను. ఆయన లేచాడు, వాసన చూశాడు, బల్బు కేసి చూశాడు. "పాత సరుకు కదా, లోపల కాగితం చివికిపోయి ఉంటుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ మెకానిక్ పిలుస్తున్నాడమ్మా, అవతల నుంచి. గొంతు బొంగురుగా ఉంది, కానీ వినపడుతోంది. బావ చిన్న సెట్టుతోనే జవాబు చెప్తూ ఉన్నాడు, మన మాట అక్కడికి అందలేదు. అవతలాయన నలభై నిమిషాలు పిలిచాడు పాపం. చివర్లో, వినపడుతోందో లేదో, ఉంటాను మరి, అన్నాడు. బావ మైకు కింద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పుడన్నా చెప్పాల్సింది. బావ పోయేదాకా చెప్పలేదు. ఎంత పిరికివాణ్ణో చూడు.

ఏంటీ, అట్ట వెనకాల కూడా రాసుందా? నువ్వే చదువు, నా కళ్లజోడు కింద ఉండిపోయింది. ఏమనీ? మళ్లీ చదువు. "బల్బు ఎందుకో మా బామ్మర్దికి సరిగ్గా చెప్పలేదు. పొరపాటు నాదే." అంతేనా? తారీఖు ఆ శనివారందేనా?

వందసార్లు చెప్పాడు తల్లీ. వందసార్లు.

ఆ కిటికీ వేసెయ్, దుమ్ము పడుతోంది.