మైనస్ తొమ్మిదో అంతస్తు

లిఫ్టు మెకానిక్ టీ కొట్టు బల్ల మీద చతికిలబడ్డాడంటే చాలు, పక్క సందులో గోడకి రంగులేస్తున్న పెయింటరు బ్రష్షు డబ్బాలో పడేసి వచ్చేస్తాడు. మెకానిక్ బావమరిది అయిన ప్లంబరు ఎలాగూ అక్కడే ఉంటాడు. ఆ సాయంత్రమూ అంతే.

"పొద్దున ఆ పాత ఆఫీసు బిల్డింగులో లిఫ్టు ఇరుక్కుపోయింది. ఇద్దరు ఇంజనీర్లొచ్చి బుర్ర గోక్కుని వెళ్ళారు. నేను ఒక్కటంటే ఒక్క స్పానరు పెట్టి ఇలా తిప్పానా, కదిలింది!"

"స్పానరు కూడా ఎందుకు బావా, నువ్వు కళ్ళెర్రజేస్తే చాలదూ?" అన్నాడు ప్లంబరు.

"వినరా మరి! కదిలింది సరే, ఆగితేనా? గ్రౌండు ఫ్లోరు దాటింది, సెల్లారు దాటింది, మైనస్ రెండు, మైనస్ ఐదు… బ్రేకు పట్టుకుంటే నా చేతిలో మైనంలా సాగింది. మైనస్ తొమ్మిదిలో తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీకు మెలకువొచ్చింది," అంది టీ కొట్టు ఆవిడ, పాలు పొంగిపోకుండా గరిటె తిప్పుతూ.

"పాము అక్కా! తోక ఇక్కడుంటే తల రైల్వే స్టేషన్లో! ఈ ఊరంతా దాని వీపు మీదే ఉంది. అది ఒత్తిగిల్లితే మన గోడలు బీటలు వారతాయి, మన పెయింటరుకి పని దొరుకుతుంది."

"అయితే ఇంకో రెండుసార్లు ఒత్తిగిల్లమను అన్నా," అన్నాడు పెయింటరు.

అందరూ నవ్వారు. మెకానిక్ మాత్రం గొంతు తగ్గించాడు. "దానికి కళ్ళు లేవు. ఆకాశం చూస్తే ఎగరాలనిపిస్తుందని పసితనంలోనే ఎవరో పీకేశారు. వెయ్యేళ్ళుగా మోస్తూనే ఉంది, ఏం మోస్తోందో తెలీదు దానికి. పైన వెలుగెలా ఉంటుందని నన్నడిగింది…"

ఇక్కడ మీకో మాట చెప్పాలి. ఆ పాము మెకానిక్ సొంతం కాదు, రెండు లావుపాటి మాయల కథల పుస్తకాల్లోది. లిఫ్టు ముందు 'పని జరుగుతోంది' అని బోర్డు తగిలించి, లిఫ్టు పెట్టె పైకెక్కి కూర్చుని, ఆ చీకటి గొట్టంలో టార్చి వెలుగులో చదువుకుంటాడు. అట్టకి వైరింగు మాన్యువల్ కాగితం చుట్టి ఉంటుంది. ఎందుకంటే ఒకసారి అత్తారింట్లో పుస్తకం బయటపడితే, ఇదే బావమరిది పదిమందిలో "మా బావకి పాలసీసా కూడా పట్టుకురండి" అన్నాడు. అప్పట్నుంచీ మెకానిక్‌కి ఒకటి అర్థమైంది. చదివానంటే నవ్వే జనం, చేశానంటే చెవులప్పగిస్తారు. కోతలరాయుడన్న పేరు మోయగలడు గానీ చంటిపిల్లాడన్న పేరు మోయలేడు. అయినా, ఆ పాము సంగతి మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి దొరికితే బాగుండునని ఎంత కొట్టుకుపోయేవాడో!

"నేనేం చేశాననుకున్నారు? నా టార్చి తీసి దాని కంటి గుంటలో పెట్టేశాను! ఆ వెలుగుకి తొమ్మిది అంతస్తులూ—"

"టార్చి కాదండీ."

అందరూ తిరిగి చూశారు. రోజూ ఓ మూల నిలబడి నోరు మెదపకుండా టీ తాగి వెళ్ళే కళ్ళజోళ్ళ షాపాయన. తెలియని ఊళ్ళో చుట్టం కనబడ్డట్టు మొహం వెలిగిపోతోంది. "కథలో అమ్మాయి తన కన్నే ఒకటి తీసి ఇస్తుంది కదా. రెండో భాగం చివర్లో."

"రెండో భాగమా?" ప్లంబరు పకపకా నవ్వాడు. "మాయలూ పాముల పుస్తకాలా సార్, ఈ వయసులో? మీ మనవడి పుస్తకాలేమో?"

"నావేనండి. నాలుగుసార్లు చదివాను."

ప్లంబరు ఇటు తిరిగాడు. "బావా, కొంపదీసి నువ్వు కూడా మళ్ళీ…?"

'ఐదుసార్లు' అన్న మాట మెకానిక్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ బల్ల మీద కూర్చుని అతను చెప్పబోయిన లెక్కల్లో నిజమైనది అదొక్కటే.

"పుస్తకమా? నాకేం పనీపాటా లేదనుకున్నావురా?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "సార్, ఇంటికెళ్ళి పాలసీసా తాగి పడుకుంటారా ఏంటి?"

బల్ల అదిరిపోయేట్టు నవ్వారు. అందరికంటే గట్టిగా మెకానికే నవ్వాడు.

కళ్ళజోళ్ళాయన గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. కోపమేమీ లేదు. "కోతలు కోసేవాళ్ళకి ఆ కళ్ళ మాట దగ్గర గొంతు తగ్గదండీ. చదివినవాళ్ళకే తగ్గుతుంది. అందుకే తోడు దొరికిందనుకున్నాను," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నవ్వు సగంలో ఆగింది. ప్లంబరు బావ మొహంలోకి చూసి, ఎందుకో తల దించుకున్నాడు. కళ్ళజోళ్ళాయన ఇంకా రోడ్డు దాటలేదు. కార్లు వెళ్ళేదాకా ఆగి నిలబడ్డాడు. పిలిస్తే వినబడేంత దూరమే.

"ఆ తర్వాత ఏమైంది?" అడిగింది టీ కొట్టు ఆవిడ. వెటకారం లేకుండా, నిజంగానే అడిగింది.

మెకానిక్ నోరు తెరిచాడు. రోడ్డు ఖాళీ అయింది, కళ్ళజోళ్ళాయన దాటేశాడు.

"ఏముందక్కా," అన్నాడు. "లిఫ్టు బాగైంది."