పనిచేయని గడియారం

హలో… ఆ, నేనే. నేనే మాట్లాడుతున్నా. ఎవరండీ?… కొంచెం గట్టిగా చెప్పండి బాబూ, నాకు చెవులు సరిగ్గా వినపడవు. ఫోన్లో అయితే కొంత నయం. కానీ అరవాలి.

…పార్సిళ్ళ హాలు నుంచా? విమానాశ్రయం దగ్గరదా?… ఆ, పంపాను. మొన్ననే పంపాను. బయటి దేశానికి.

…ఇంట్లో ఎవరూ లేరు. నేనొక్కదాన్నే. ఎందుకు?

…కూర్చునే ఉన్నా. కూర్చోమంటున్నారంటే ఏదో అయిందన్నమాట. పగిలిందా? అద్దం పగిలిందా? చెప్పేయండి, గుండె రాయి చేసుకున్నా.

…పగల్లేదా. అమ్మయ్య.

…పెట్టెలోనా? గడియారం. బల్ల మీద పెట్టుకునేది. పాతది. కాగితం మీద రాశాం కదా.

…అదొక్కటే. దాని తాళంచెవి. చుట్టూ ఒక శాలువా. అంతే.

…లేదండీ, పనిచేయదు. “పనిచేయని గడియారం, విడిభాగాల కోసం” అని రాశాం. ఉన్నమాటే రాశాం.

…బ్యాటరీయా? తాళం తిప్పే గడియారానికి బ్యాటరీ ఎక్కడిది బాబూ?

…పనిచేయదని చెప్పానా లేదా? ఎన్నిసార్లు అడుగుతారు? కోర్టులో కూడా ఇన్నిసార్లు అడగరు. పనిచేయదు.

…ఏమిటీ?

…మళ్ళీ చెప్పండి.

…శబ్దమా? నా పెట్టెలోంచా?

…టిక్కు టిక్కుమనా?

…కాదు కాదు. అది నాది కాదు. పక్క పెట్టెది అయ్యుంటుంది, సరిగ్గా చూడండి… నా పేరే ఉందా. నా ఇంటి నంబరేనా… అయితే మధ్యలో ఎవరో ఏదో పెట్టి ఉంటారు.

…అయ్యో, నేను అలా అనలేదు. అంటే, అన్నాను. ఊరికే నోటికొచ్చింది. రాసుకుంటున్నారా? రాసుకోకండి బాబూ.

…సర్దింది నేనే. నా చేతుల్తోనే. టేపు మాత్రం మేడ మీద అద్దెకుండే అమ్మాయి అంటించింది, నా వేళ్ళు వణుకుతాయని… లేదు, ఇప్పుడు లేదు, ఉద్యోగానికి వెళ్ళింది… నంబరు ఎందుకు? ఆ పిల్ల జోలికి వెళ్ళకండి. అసలు వద్దన్నదే ఆ పిల్ల.

…పంపొద్దంది. ఫోన్లో అమ్మకానికి ప్రకటన పెట్టింది తనే, కింద రాసింది కూడా, బయటి దేశాలకు పంపం అని. ఎందుకే అంటే వేళ్ళు మడిచి మరీ చెప్పింది. దారిలో పగిలితే పగిలినదే అంటగట్టామంటారు. అక్కడ సుంకం కట్టమంటే కొన్నవాడు మొహం చాటేస్తాడు, సరుకు ఏ గోదాములోనో పడి ఉంటుంది. చేరినా చేరలేదని చెప్పి డబ్బు వెనక్కి లాక్కుంటాడు. “అప్పుడు మీరు ఆ దేశం వెళ్ళి వాళ్ళ తలుపు కొడతారా బామ్మగారూ” అంది. లోపల ఏమున్నా జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాళ్ళే, అనీ అంది. అన్నీ చెప్పింది పాపం. పెట్టె దానంతటది మాట్లాడుతుందని మాత్రం చెప్పలేదు.

…హాస్యం కాదండీ. భయమేసినప్పుడు నాకు నోరు ఆగదు.

…ఆయన బతిమాలాడు. కొన్నాయన. అచ్చం ఇలాంటిదే ఆయన దగ్గరా ఉందట, వాళ్ళమ్మది. లోపల ఒక చక్రం పళ్ళు విరిగి ఆగిపోయిందట. ఆ చక్రం లోకంలో ఎక్కడా దొరకడం లేదట. నాది ఎలాగూ పనిచేయదు కదా, చక్రమైనా పనికొస్తుంది కదా అని… ఒప్పుకున్నాను.

…అవతల ఆ గోల ఏమిటి?

…అందరినీ బయటికి పంపించారా? హాలంతా ఖాళీ చేయించారా? నా గడియారానికా?

…ఆ మాట అనకండి. బాంబు గీంబు అనకండి. నా వయసెంతో తెలుసా మీకు?… నిజమే. వయసుతో పనేముంది. మీ పని మీది.

…నీళ్ళతో పేల్చేస్తారా? అంటే తడుపుతారా?… ఓహో. తుపాకీ గుండులాగా. దూరం నుంచి… అది ముక్కలైపోతుంది కదా బాబూ.

…ఇప్పుడేనా?

…ఆగండి. ఒక్క నిమిషం ఆగమనండి వాళ్ళని. ఆలోచించనివ్వండి నన్ను. అరవకండి… కాదు, అరవండి, అరిస్తేనే వినపడుతుంది. కోప్పడకండి అంతే.

…ఏమడిగారు? తాళమా?

…

…తిప్పాను.

…ఆ, తిప్పాను. పెట్టెలో పెట్టే ముందు… పనిచేయనిదానికి తాళం ఎందుకు తిప్పానంటే ఏం చెప్పను? చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. ఆ గడియారం మా అక్కది. తనకి బట్టలు కుట్టే కొట్టు ఉండేది, ఇది అందులోనే ఉండేది. మా అక్క ఎవరినీ ఖాళీ కడుపుతో గడప దాటనిచ్చేది కాదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడైనా సరే, నాలుగు ముద్దలు దిగాల్సిందే. ఇదేమో అంత దూరం పోతోంది. మళ్ళీ రాదు. ఒట్టి కడుపుతో ఎలా పంపను? చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి పోయింది. నిండా తిప్పాను. ఇంక తిరగను అన్నదాకా.

…ఏడవడం లేదు. జలుబు.

…చూశానండీ. తిప్పాక కూడా చూశాను. ముళ్ళు కదల్లేదు. చెవి ఆనించి విన్నాను, ఏమీ లేదు. చడీచప్పుడు లేదు.

…

…ఆ. నా చెవికి వినపడలేదు.

…నా చెవికి.

…బాబూ, అక్కడ దాని పక్కన ఎవరున్నారు?… బాంబులు విప్పే ఆయనా? లావుపాటి కవచం తొడుక్కున్నాడా? దాని చప్పుడు ఆయనకి బాగా వినపడుతోందా? వినే యంత్రం ఉందా? అయితే ఒక్క మాట. నీళ్ళు కొట్టే ముందు ఒక్క మాట అడగండి. అది సమంగా కొట్టుకుంటోందా అని… ఉండండి, ఆయన్ని చెప్పనివ్వకండి. ముందు నేను చెబుతా, తర్వాత మీరు సరిచూసుకోండి. సమంగా ఉండదు. ఒకటి బరువుగా పడుతుంది, ఒకటి తేలిగ్గా. టిక్… టక్‌టిక్… టక్‌టిక్… ఎవరో కుంటుకుంటూ మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. మా అక్కకి ఒక కాలు పొట్టి. ఇది కూడా నా పోలికే అని మురిసిపోయేది, బాగు చేయిస్తానంటే పడనిచ్చేది కాదు. బాంబులు చేసేవాడు కుంటే గడియారం పెట్టుకుంటాడా బాబూ? వాడికి లెక్క తప్పదూ? అడగండి. అడగండి ఆయన్ని.

…ఉన్నా. లైన్లోనే ఉన్నా.

…ఏమన్నాడు?

…ఏమన్నాడు బాబూ? కొంచెం గట్టిగా.

…అలాగే ఉందన్నాడా?

…అలాగే ఉందట.

…ఆ, ఆ, ఉన్నా. చెబుతా. విప్పడానికి వెళ్తున్నాడా? అంత బరువు తొడుక్కుంటే చేతులు ఆడతాయా ఆయనకి? నిదానంగా కోయమనండి. పైనుంచి వద్దు, పక్కనుంచి. పైన అద్దం ఉంది. ముందు శాలువా వస్తుంది, గోధుమ రంగుది. దానికి చిల్లులుంటాయి, అవి పురుగు కొట్టినవి, వైర్లు దూర్చినవి కావు.

…తాళంచెవి ఒక మేజోడులో పెట్టాను. ఒంటి మేజోడే. జత లేదు… దానికి కారణమేమీ లేదండీ! అన్నిటికీ కారణాలుంటాయా?

…శాలువా తీశాడా. ఆ. ఇప్పుడు వెనక్కి తిప్పమనండి. చిన్న తలుపు ఉంటుంది. పట్టుకోవడానికి ఒక బొత్తాం. నిజం బొత్తామే, కోటుది, మా అక్కే అంటించింది. ఎడమ పక్కకి లాగాలి. గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది.

…

…ఎవరూ మాట్లాడరేం?

…బాబూ?… హలో?

…గడియారమేనా?

…అబ్బా. గడియారమే. చెప్పాను కదా. మొదటి నుంచీ అదే మాట చెబుతున్నా కదా. ఉండండి, కొంచెం నీళ్ళు తాగొస్తా… వద్దులే, మీరు పెట్టేస్తారు. తర్వాత తాగుతా.

…బయట నిలబడ్డవాళ్ళని లోపలికి రమ్మనండి పాపం. ఒక ముసలావిడ తిక్కపని అని చెప్పండి. తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

…ఏమిటి, నీకూ చెమట పట్టిందా? నిన్ను నువ్వు అంటున్నా, ఏమనుకోకు. ఇంతసేపు కలిసి భయపడ్డాం, ఇంకా మర్యాదలెందుకు. నీ గొంతు వింటే మా కొట్లో బొత్తాలు కుట్టిన పిల్లల వయసే ఉంటుంది.

…ఏమంటున్నాడు ఆయన?… ముళ్ళు కదలడం లేదు, అవును, అదే చెప్పాను… లోపల నడుస్తోందా?… ముళ్ళకీ లోపలి యంత్రానికీ మధ్య పట్టు జారిందా? అంతేనా? చిన్న పనేనా?

…అంటే అది ఆగిపోలేదు.

…నాకేం తెలుసు బాబూ. మా అక్క పోయిన వారానికి దాని వంక చూశాను. ముళ్ళు నిలబడిపోయి ఉన్నాయి. తాళం తిప్పాను, కదల్లేదు. చప్పుడూ లేదు. ఇదీ పోయిందిలే అనుకున్నా. దుప్పట్ల బీరువాలో పెట్టి తలుపేశాను. పోయినవాళ్ళ వంక ఎంతసేపని చూస్తూ కూర్చుంటాం? అప్పటికే నా చెవులు తగ్గుతున్నాయని నాకెవరు చెబుతారు? చెప్పే మనిషే పోయె. అది లోపల ఎన్నాళ్ళు కొట్టుకుందో… తాళం అయిపోయేదాకా కొట్టుకునే ఉంటుంది. చీకట్లో.

…ఆ. వింటున్నా. చెప్పు.

…కాగితం తప్పు కదా మరి. ఇప్పుడు పనిచేసేదని మార్చి రాయాలా?… మారిస్తే ఈ సాయంత్రం బండికే పోతుంది. లేదా వెనక్కి వస్తుంది. ఫోన్లో చెబితే చాలా?

…ఇప్పుడే చెప్పాలా?

…బండి నిలబడి ఉందా. ఎప్పుడూ ఏదో ఒక బండి నిలబడే ఉంటుంది నాయనా. రైలో, బస్సో, అంబులెన్సో. ఆలోచించుకునేలోగా కదిలిపోతుంది.

…చెబుతా. చెబుతా, తొందరపెట్టకు. ఆయనకి కావాల్సింది చక్రం. చక్రం తీస్తే ఇది… ఆ, ఆగిపోతుంది. తెలుసు. పోయిందనుకునే ఇచ్చాను బాబూ. పోయినవాళ్ళ కళ్ళు ఇంకొకరికి ఇస్తారే, అలాగ ఇచ్చాను. బతికున్నదాని కళ్ళు ఎవరైనా పీకిస్తారా?

…మాటిచ్చాను. అదీ నిజమే. పెట్టె బయలుదేరిందా అని రోజూ మెసేజీ పెడుతున్నాడు. వాళ్ళమ్మది కదా. అవతల ఆయన గడియారం ఆగిపోయి ఉంది, ఇవతల నాది నడుస్తోంది. ఎవరో ఒకళ్ళది ఆగాలి.

…నువ్వు చెప్పకు. నువ్వు చెబితే రేపటి నుంచి నిన్ను తిట్టుకుంటాను. నన్నే చెప్పనీ.

…

…వెనక్కి పంపు.

…ఆ. వెనక్కే. నడిచేదాన్ని నేను అమ్మలేదు. డబ్బు ఆయనకి పంపించేస్తాను. మేడ మీది అమ్మాయి చేత రాయిస్తాను, ఉన్నదున్నట్టు. తిడతాడు. మోసం చేసిందంటాడు. ఊరూ పేరూ తెలియని దేశంలో ఒక మనిషి నన్ను మోసగత్తె అనుకుంటూ బతుకుతాడు. అననీ. ఏం చేస్తాం.

…ఇంకేమిటి?

…ఆపాలా?

…టిక్కుమనే పెట్టె బండెక్కకూడదా? వెనక్కొచ్చే బండైనా?… వారం రోజులు ఆ మూలన ఉంచలేవా, తాళం దానంతటదే అయిపోతుంది… ఉంచకూడదు. సరే. రూలు రూలే.

…వద్దు, ఆయన్ని ఆపమనకు. ఆ లావు తొడుగులతో ఎక్కడో పొడిచేస్తాడు. నువ్వు ఆపు. నీ చేతికి తొడుగులేమీ లేవుగా?

…నేను చెబుతా. వెనక తలుపులోంచి చూడు. పైభాగంలో ఒక చిన్న చక్రం, గుండ్రంగా తిరగదు, అటోసారి ఇటోసారి ఊగుతూ ఉంటుంది. కనపడిందా?… అదే. దాని అంచు మీద చిటికెన వేలు ఆనించాలి. గోరు తగలనివ్వకు. నొక్కకు. ఊరికే ఆనిస్తే చాలు, అదే ఊరుకుంటుంది.

…ఉండు! పెట్టకు. ఇంకా పెట్టకు.

…ముందు ఒకసారి విను. నువ్వే. యంత్రంతో కాదు, చెవితో. నాకెలాగూ వినపడదు, నువ్వు విను… దగ్గరగా పెట్టుకుని విను. నేను మాట్లాడనులే.

…

…ఎలా ఉంది?

…“బాగుంది” ఏమిటి, కాఫీ తాగినట్టు. సరిగ్గా చెప్పు.

…ఆ.

…అవునా. మెట్లెక్కుతున్నట్టే ఉందా. ఎక్కుతున్నట్టా, దిగుతున్నట్టా?

…ఎక్కుతున్నట్టు. సరే.

…ఇప్పుడు పెట్టు నాయనా. మెల్లగా. జ్వరం ఉందేమో చూడటానికి పసిపిల్ల నుదుటి మీద పెట్టినట్టు.

…ఆగిందా?

…ఆగింది. ఆ.

…లేదు, ఏమీ లేదు. నాకేమీ తేడా తెలియలేదు, అందుకని ఊరుకున్నా.

…ఇల్లు చేరడానికి ఎన్నాళ్ళు?… రెండు నెలలైనా పట్టొచ్చా. పట్టనీ. వస్తుంది కదా?… అలా కాదు. “వస్తుంది” అని చెప్పు, ఒక్కసారి… గట్టిగా… ఆ. ఇప్పుడు వినపడింది.

…సరే బాబూ. నీకు పనుంది. పెట్టెయ్.

…లేదు, నువ్వే పెట్టు. నేను ముందు పెట్టను. ఎవరి ఫోనూ ముందు పెట్టలేదు ఇప్పటిదాకా… అలవాటు. పెట్టు, ఏమీ అనుకోను.

…ఇంకా ఉన్నావా? ఏదో గోలగా ఉంది అక్కడ. జనం లోపలికి వచ్చేసినట్టున్నారు.

…పెట్టు నాయనా.

…

హలో?