కఫీలు దొరకని తెలుగు అక్షరాలు

అధ్యక్షత వహించిన మా మేనేజరు నాగేంద్రప్రసాద్ గారికి, శుక్రవారం సెలవు నిద్ర మానుకుని మిర్కాబ్ దాకా వచ్చిన పెద్దలకు, రహమత్ బీ గారి బిర్యానీ వాసన ముక్కుకు తగులుతున్నా నా మాటలే వింటున్నట్టు కూర్చున్న మిత్రులకు ఈ భీమేశ్వరరావు నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి మీరు పొగుడుతుంటే, ఇంత మంచివాణ్ణి ఎందుకు పంపించేస్తున్నారా అని నాకే అనుమానం వచ్చింది. ప్రసాద్ గారూ, మీ చేతిలో లేదని తెలుసు. నా పోస్టు ఖలాస్ అని పైవాళ్ళన్నారు, అంతే. కానీ నాకు వెళ్ళాలని లేదు. శాలువా కప్పించుకుని ఈ మాట అనకూడదేమో, అనేశాను.

నేను చేసే పనేమిటో మన డ్రైవరు సోదరులకు ఇప్పటికీ తెలియదు. మీ ఫోన్లో సరుకు చీటీలు చూపించే యాప్ అంతా మనం రాసింది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు తెచ్చి అందులో కలుపుతాం. వాటిని తెచ్చిపెట్టే ప్రోగ్రామును కూడా మేనేజరనే అంటారు, కాకపోతే ప్రసాద్ గారూ, అది సెట్టింగుల్లో రాసినట్టే నడుచుకుంటుంది. (నవ్వులు) ఏది తేవాలి, ఏ వెర్షను తేవాలి, ఎక్కణ్ణుంచి తేవాలి అని ఆ సెట్టింగులు రాసింది నేను. అందులో ఒక నియమం పెట్టాను. ఈ గల్ఫ్ దేశంలో మనకు పూచీ పడే కఫీలు ఉన్నట్టే, బయటినుంచి వచ్చే ప్రతి ప్రోగ్రాముకూ మనలో ఒకరు కఫీలుగా ఉండాలి. అది మొరాయిస్తే జవాబు చెప్పుకోవలసింది కఫీలే. కఫీలు పేరు లేకపోతే దానికి లోపల చోటు లేదు. "ఇక్కడ ఉండడానికి పర్మిట్టు, ఇఖామా కూడా కొట్టిస్తారా సార్" అని పక్క సీటు అతీఖ్ వెక్కిరించేవాడు. ఏం అతీఖ్, అన్నావా లేదా?

నేను వెళ్తున్నాను కనుక నా పేరు తీసేయాలి. నా పేరు కింద ఉన్న ప్రోగ్రాములన్నీ మా వాళ్ళు పంచుకున్నారు. ఒక్కటి మిగిలిపోయింది, తెలుగు అక్షరాలు చూపించేది.

అది వచ్చింది డ్రైవరు రామాంజులు వల్ల. షువైఖ్ గోడౌన్లో నన్ను ఆపి, "చీటీ ఇంగ్లీషులో వస్తే ఎవురినో ఒకర్ని అడుక్కోవాల్సొస్తాంది సార్. తెలుగులో వస్తే నేనే సదువుకుంటా గదా" అన్నాడు. కడప మనిషి, పట్టిన పట్టు వదులుతాడా, కనబడినప్పుడల్లా అడిగాడు. తెచ్చాను. కొత్త ఫోన్లు వచ్చినప్పుడల్లా అది పేచీ పెడుతుంది, శుక్రవారాలు మింగేస్తుంది. అందుకే ఎవరూ తీసుకోలేదు, నేను తప్పు పట్టను. కానీ రేపు రామాంజులు చీటీ తెరిస్తే అక్షరాలుండవు, వాటి చోట ఖాళీ డబ్బాలుంటాయి. మళ్ళీ ఎవరినో అడుక్కోవాలి. నా ఉద్యోగం పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.



వెనక ఎవరు, చెయ్యెత్తింది? షబ్నమా? మా టెస్టింగులో పనిచేసే రాయచోటి అమ్మాయి, కఫీలుగా తన పేరు రాయమంటోంది. అమ్మా, నీ ఇఖామా రంజాన్ దాకానే కదా, ఆ తరవాత పొడిగిస్తారో లేదో నీకే తెలియదు కదా? ఏమంటున్నావు? "నేనున్నన్నాళ్ళు అదీ ఉంటాది గదా సార్" అంటోంది. ముందువాళ్ళకు వినబడిందా?

రామాంజులూ, రంజాన్ దాకా నీ చీటీ నువ్వే చదువుకో.

ఇన్నాళ్ళూ నన్ను మీలో ఒకడిగా ఉంచుకున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. రహమత్ బీ గారూ, వడ్డించడం మొదలుపెట్టండి. లాప్‌టాప్ ఇంకా వాపసివ్వలేదు, నా పేరు చెరిపి షబ్నమ్ పేరు రాసి వచ్చి కూర్చుంటాను. సెలవు.