బాలనర్సయ్య తుడిచిన ఫోటో

ఏంది బిడ్డా, గోవల దిగిన ఫోటోను ఫోన్ల సాపు చేసుడు ఇంకా అయిపోలేదా? చూపియ్ జర. మంచిగున్నది, పొద్దు గూకుతున్నది, సముద్రమంత ఎర్రగయ్యింది. ఈ మూలకు బెలూన్లమ్మేటాయన ఉండె కదా, ఏడికి పోయిండు? వేలుతోటి రుద్దితే పోయిండా? మా మేనమామ బాలనర్సయ్య ఉంటే నిన్ను పక్కన కూసోబెట్టుకొని, జర సక్కగ రుద్దు పిల్లా అని సతాయించేటోడు. ఎవరంటవా, మా అమ్మ చంద్రమ్మకు సొంత అన్న. నువ్వు పుట్టకముందే పోయిండులే. ఆయన బతుకంత గిదే పని.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు ముచ్చట ఇది. అప్పుడు పుప్పాలగూడ అంటే ముప్పై నలభై ఇండ్లు, మిగిలిందంత బండలు. మనం కూసున్న ఈ తొమ్మిదో అంతస్తు జాగల జొన్నచేనుండె. మామ రోజూ సైకిలు తొక్కుకుంట పట్నం పోయేటోడు, సుల్తాన్ బజార్ల ఒక ఫోటో దుకాణానికి. ఫోటోలు తీయనీకి కాదు, తీసినవాట్లకెల్లి పనికిరానివి తీసెయ్యనీకి. మాది మగ్గం నేసే ఇల్లు, తెగిన పోగులు అతికిన చెయ్యి కదా, ఆ సన్నపనికి మంచిగ కుదిరింది. అప్పుడు ఫోటో అంటే ముందు గాజుపలక. దాని మీద తెల్లది నల్లగ, నల్లది తెల్లగ, అంత ఉల్టా పడతది. తెల్లది పోవాల్నంటే సన్నటి చాకుతోటి గీకాలె, నల్లది పోవాల్నంటే పెన్సిలుతోటి నింపాలె. పెండ్లిపిల్లల మొకాల మీద మచ్చలు పోగొట్టేటోడు, ఒక జమీందారుకు ఊడిన పన్ను గూడ పెట్టిండట. ఒక్క సముద్రం కాడనే ఇజ్జత్ పోగొట్టుకున్నడు. సముద్రం చూసినోడు కాదు కదా, ఆయనకెరుకైన నీళ్లంటే హుస్సేన్ సాగరే. ఎవరిదో సముద్రం ఫోటోల ఒడ్డు పొంటి తెల్లటి నురగ ఉంటే, పలకకు మైలంటిందనుకొని పొద్దంత కూసొని గీకిండు. దుకాణం సేటు చూసి తల పట్టుకొని, నర్సయ్యా, అది చెరువు కాదయ్యా అన్నడట.

ఏడికో పోతున్న గదా. మా అమ్మకు మా నాయిన రాజయ్య రెండో మనువు. దాపెట్టేదేమున్నది, అమ్మ అత్తగారి ఊరు నల్లగండ్లల అందరికెరుకే. మొదటి పెనిమిటి ఎల్లేశం. ఆయన మిల్లు పనికని బొంబాయి పోయి అప్పటికే ఏడేండ్లయ్యింది. మొదట్ల ఉత్తరాలొచ్చినయ్, తర్వాత పత్త లేదు. బొంబాయికెల్లి వచ్చినోడెవడో, పోయిన ఎండకాలం వాళ్లుండే కాడ గత్తర తగిలింది, కక్కుళ్లు బేదులై మస్తుమంది సచ్చిండ్రని చెప్పిండు. ఇగ ఎల్లేశం తల్లి సత్తెమ్మ, నా కొడుకు దిక్కులేని సావు సచ్చిండు, దినాలన్న చేస్త అని పట్టు పట్టింది. చెడ్డదని కాదు, తల్లి పానం. కాని దినాలు చేసిండ్రంటే కోడలి గాజులు పగలాలె, పుస్తె తెగాలె. మా అమ్మకు అప్పుడు ఇరవై మూడేండ్లు. శవాన్ని చూసినోళ్లు వచ్చి చెప్తే తీస్త, ఊరికే తీయ అన్నది. కులపెద్దలు ఇటు చూసి అటు చూసి, అమాస దాకా ఆగుదమన్నరు. తిండి తినేది కాదట, పుస్తెను పిడికిట్ల పట్టుకొని పండేదట.

ఆ పదిహేను దినాల్లనే ఒక వకీలు సాబ్ దుకాణంల పలక తెచ్చిచ్చిండు. మొన్న దీపావళికి బొంబాయి పోయి తీయించిండట, నీళ్ల మీద పొద్దు గూకే ఫోటో. పెద్దగ చేయించి దివాన్‌ఖానల పెట్టుకుంటడట. సూర్యుడు, సముద్రం తప్ప ఇంకోటి కనబడొద్దు, ఈ పడవలు, ఈ మనుషులు నాకెందుకు అన్నడట. మామ ఎప్పటిలెక్కనే ముందు ఒక కాయితం మీద తీసి చూసిండు. కుడి మూలకు ఒడ్డు మీద ముగ్గురున్నరు, కెమెరా కొత్త కదా, ఇటే చూస్తున్నరు. భూతద్దం పెట్టిండు. ఎల్లేశం. పక్కకు ఒకామె, ఇద్దరి నడుమ మూడేండ్ల పిల్ల. మామ లెక్క కట్టిండు. గత్తర ఎండకాలంల, ఫోటో దీపావళికి, అంటే బావ బతికే ఉన్నడు, చెల్లె పుస్తె నిలుస్తది. కాని పక్కనున్న ఆమెను చూస్తే చెల్లె బతుకుతదా? జరసేపు ఫికర్ పడి, ఆఖరుకు ఆయనకొచ్చిన పనే చేసిండు. ఆమెను, పిల్లను పెన్సిలుతోటి నింపి ఇసుకల కలిపేసిండు. ఎల్లేశంను ఒక్కన్నే ఉంచి ఒక ఫోటో తీసుకొని అంగి లోపల పెట్టుకున్నడు. అటెన్క ఎల్లేశంను గూడ తీసేసి, వకీలు సాబ్‌కు ఉత్త సముద్రం ఇచ్చిండు. ఆయన శానా ఖుషీ అయిండట.

అమాస నాడు పెద్దలు కూసున్నరు. ఫోటో చేతికి చేయి మారింది. ఫోటోల ఉన్నదంటే ఉన్నట్టే, అప్పుడు గట్ల నమ్మేటోళ్లు. సత్తెమ్మ దాన్ని మొకానికి ఆనిచ్చుకొని ఏడ్సింది. పెద్దలు ఎల్లేశం బతికే ఉన్నడు, దినాల్లేవ్, పుస్తె ముట్టొద్దు అని తేల్చి చెప్పి, కల్లు తాగి ఎవలిండ్లకు వాళ్లు పోయిండ్రు. మామకు పానం నిమ్మళమైంది. ఇగ బొంబాయి పోయి బావను రెక్క పట్టి గుంజుకొస్తే సరిపాయె అనుకున్నడు. మా అమ్మ అరుగు మీద చాటల బియ్యం ఏరుతున్నది, ఫోటో తొడ మీద పెట్టుకొని. శానాసేపు చూసి, మెల్లగ అడిగింది, "అన్నా, ఈయన ఎవల చెయ్యి పట్టుకున్నడు?"

అప్పుడు చూసిండు మామ. ఎల్లేశం ఒక భుజం కిందికి దిగి ఉన్నది, నడుము ఒక దిక్కు ఒరిగింది, వేళ్లు మూసుకొని ఉన్నయ్. పిల్లను తీసిండు గని, పిల్ల కోసం ఒరిగిన మనిషిని నిటారుగ నిలబెట్టలేదు. ఆ సంగతి ఆయన కంటికే పడలేదు.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అని అడిగింది అమ్మ.

"ఆడపిల్ల" అన్నడు.

తల్లి ఎవలని అడగలేదు. పెద్దలందరు కూడి తెంపలేని పుస్తెను, ఎల్లేశం బతికే ఉన్నడని ఊరంత నమ్మిన దినమే మా అమ్మ తనే తీసి, చాటల బియ్యం మీద పెట్టింది. మామ ఏమన్నడా? ఏమో బిడ్డా, ఎన్నిసార్లు చెప్పినా ఈడి దాకనే చెప్పేటోడు. జర ఆ బాల్కని తలుపు వెయ్యి, దోమలొస్తున్నయ్.