రెండు తెల్ల డబ్బాలు

"మామా, గడ్డి కోసే మిషన్ల లీటర్ పెట్రోలుకు ఆయిలెంత కలపాలె?" అంటివి. అడిగితే నన్నే అడగాలె! కూసో కోడలా, ఆ పీటేస్కొని కూసో. నే జెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమనిపించినా లేసి పో. దమ్ముంటే పో.

ఈ హసన్‌పర్తి రోడ్డు మీద నలభయ్యేండ్లు మిషన్లు విప్పిన్నేను. టూ స్ట్రోక్ మిషన్ల పెట్రోల్ల కలిసిన ఆయిలే పిస్టన్‌ను జారనిస్తది. అది లేకపోతే అర్ధగంట నడుస్తది, కాలుతది, బిగుసుకపోతది. ఇగ సుత్తె పెట్టి కొట్టినా కదలదు. ఏ ఆయిలంటే ఆ ఆయిలు పొయ్యద్దు మల్ల. బైకులకు పోసేది కలిపితే ఒట్టి పొగ, మడ్డి. డబ్బా మీద టూ టీ అని ఉండాలె. అప్పట్ల పది రూపాయలకు సీసెడు లూజు పోస్తుండిరి. ఇప్పుడు ధర చూస్తే దానికన్నా నెయ్యే నయమనిపిస్తది.

కొలత గ్లాసులు గిట్ల నాకెందుకు? నా ముక్కే కొలత. ఒకపాలి పెట్రోలు బంకు కాడ నా కండ్లకు తువ్వాల కట్టి ఏడు సీసాలు పెట్టిండ్రు. ఏది ఒట్టి పెట్రోలు, దేంట్ల ఆయిలు ఎక్కువైంది, ఏడింటికేడు చెప్పిన. "ఎనిమిదోది గూడ ఉన్నది, అది మందు" అన్న. చూస్తే బంకాయన జేబుల ఉన్నది క్వార్టరు! మేడారం జాతర తొవ్వల ఆగిపోయిన మోపెడ్ల పొంటి వాసన చూసుకుంట నడిచిన. "నీదాంట్ల ఆయిల్లేదు, నీదాంట్ల ఎక్కువైంది." ఆ యేడు సగం వరంగల్లును తల్లి గద్దె కాడికి పంపింది ఈ ముక్కే. నవ్వకు.

గంతల కరోన వచ్చె. నాకు నాలుగొద్దుల జరం, గంతే. దవాఖానకు గూడ పోలె. జరం పోయింది. దానెంబడే వాసన పోయింది. అన్నంల మీ మేనత్త పులుసు పోసిందో నీళ్ళు పోసిందో తెలుస్తలేదు. ఎవలకన్న చెప్పిన్నా? చెప్పలె. ముక్కు పోయిందంటే, ఇగ నేనెవని?

ఆ దినాలల్లనే మీ నాయన, నా బామ్మర్ది మల్లేశం, ఉన్న రెండు బర్లనమ్మి గడ్డి మిషను కొన్నడు. ఫంక్షన్ హాలుల లాను కోసే పని పట్టిండు. మొదటి దినం పొద్దుగాల్నే వచ్చిండు. "బావా, నీ చేత్తోని కలిపిందే పోస్త" అన్నడు.

నా కాడ రెండు తెల్ల డబ్బాలు. ఒకదాంట్ల కలిపింది, ఒకదాంట్ల ఒట్టి పెట్రోలు. పేర్లు రాసుడా? రాసేది చేతగాని మెకానిక్కు. మూత తీసి ముక్కు పెట్టిన. మంచినీళ్ళ లెక్కున్నది. ఇంకోటి తీసిన. అదీ మంచినీళ్ళే. మీ నాయన ఎదురుంగ నిలబడి చూస్తాండు.

"ఏందే బావా, అంత సేపు?"

ఏలు ముంచి రుద్దితే జిడ్డు తగులుతుండె, తెలిసిపోతుండె. కొత్తగ నేర్చుకునేటోని పని అది. ఆయన చూస్తుంటే నాకు చెయ్యబుద్ధి కాలె. "ఇగో, ఇదే. తీస్కపో" అన్న.

అది ఒట్టి పెట్రోలు.

మధ్యాన్నం మిషను మోసుకొచ్చిండు. తాడు గుంజితే కదలదు. విప్పి చూస్తే పిస్టన్ నిండ గీరలు. నాకు ఎర్కైంది కోడలా, అక్కడ్నే ఎర్కైంది. ఎర్కైనంక ఏమన్ననో ఇను. "ఆపకుంట నడిపి సంపినవ్. మిషన్లు నీకెందుకురా, పోయి బర్లు కాసుకో" అన్న. పక్క హోటల్ కాడోళ్ళందరు నవ్విండ్రు. బర్లమ్మి కొన్నడని తెలిసే అన్న.

మీ నాయన మిషను అక్కడ్నే ఇడిసిపెట్టి పోయిండు. ఆ పని ఇంకొకడు పట్టుకపోయిండు. అప్పట్నుంచి నా గడప తొక్కలె.

ఏమంటివి? "నాయన తనకే నడుపుడు రాలేదంటడు" అంటివా? ఇంకా గట్లనే అంటాండా? ...నమ్మిండన్నట్టు. నన్ను తిట్టుకుంటాండనుకున్న ఇన్నేండ్లు. తిడితేనే బాగుండు.

నీ మిషను పుస్తకంల ఎంత రాసుంటే అంతే పొయ్యి, సిరంజితోని గుంజి కొల్చి. డబ్బా మీద పేరు రాయి, పెద్దగ రాయి. ఎవని ముక్కునూ నమ్మకు. నువ్వు సల్లగుండాలె బిడ్డా, నీ మిషను నడవాలె.

ఇంటికి పోయి మీ నాయనకు ఇది చెప్పు. "ముసలోడు మల్లొక కత అల్లిండు" అంటడు. అననియ్యి. నా మాట మీద ఎవలు నిలబడతరు? గని ఆ వారమే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడ్డది, దానికి ఈపు పెట్టి కూసున్న నేను కదల్లె. మీ మేనత్త వచ్చి గిన్నెను చూసింది, నన్ను చూసింది. ఆమెకు నా ముక్కు సంగతి అర్థమైంది. తోడబుట్టినోని మీద నేను నింద పెడుతుంటే, నా ఇజ్జత్ కోసం నోరు మూసుకున్నది. ఆమె అబద్ధమాడదని మీ నాయనకెర్కే. అడగమను ఆమెను, నర్సవ్వను.