ఉల్లిగడ్డల పక్కన సౌండుపెట్టె

మద్దిలేటి అని ఉండె మా వీధిలో. ఇప్పుడూ ఉండాడులే, సచ్చిపోయినోని కత కాదు ఇది, భయపడాకండి. ఆయప్ప కొత్తిల్లు కట్టబట్టె. పునాది తవ్వేటప్పుడు ఏమైందంటే, వాళ్ల తాత కాలం నాటి జొన్నల పాతర బయటపడె. పాతరంటే తెలియనోళ్లు ఎవరన్నా ఉంటే ఇనండి. నేలలోకి బాయి మాదిరి తవ్వి, సుట్టూ రాతికట్టు కట్టి, అడుగున గడ్డి పరిచి, యాపాకు ఏసి, జొన్నలు పోసి, పైన బండ మూసి, గాలి సొరకుండ బంకమన్ను మెత్తుతారు. ఏండ్లు గడిసినా పురుగు పట్టదు, బూజు పట్టదు. మద్దిలేటి ఆ పాతరను పూడ్చలే. దాన్నే ఇంకా వెడల్పు తవ్వించి, సిమెంటు పూయించి, మెట్లు కట్టించి, ఇంటి కింద ఒక గదే చేసినాడనుకో. ఎండాకాలం ఆడికి దిగితే పానం లేచొస్తాది. మెట్ల పక్కన గోడలో మాత్రం పాత పాతర గూడు ఒకటి అట్లనే మిగిలిపోయె, మనిషి దూరి కూచునేంత గూడు.

గది అయ్యింది, ఇంక కొట్లాట మొదలు. ఆయన పెండ్లాము సుంకులమ్మ ఏమంటాదంటే, ఏమప్పా, మిద్దె మీద ఉల్లిగడ్డలు ఎండకు పాడైపోతాండాయి, ఈ గది నాకియ్యి అంటాది. ఈయన ఏమంటాడంటే, ఉల్లిగడ్డలకా, ఇది సినిమా గది, ఈడ తెర కడతా, మూలమూలకు స్పీకర్లు పెడతా, టౌన్లో సినిమా హాలు దీని ముందర దిగదుడుపే అంటాడు. సుంకులమ్మ ఊరుకునే మనిషా? ఆయప్ప టౌనుకు పోయి వచ్చేలోపల మెట్ల కింద ఎదురుబద్దల తడికెలతో అటక కట్టించి, ఉల్లిగడ్డలు పరిచేసింది. ఆ తావే ఎందుకంటే, మెట్ల పైనుండే కిటికీలోంచి గాలి జారి నేరుగా ఆడికే వస్తాది. ఆమె చెయ్యి పెట్టి చూసుకుందంట. మద్దిలేటి వచ్చి చూసి, తలకాయ పట్టుకోని, ఇదేందే నా సినిమా హాలుకు సంతవాసన పట్టిస్తివి అన్న్యాడు. ఆమె ఇంకో గంప తెచ్చి పరిచె.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఈ సినిమా యావ అంతా ఎవరి కోసమనుకుంటిరి? వాళ్లక్క తిప్పక్క కోసం. అమ్మ పోతే వీన్ని సంకనేసుకోని పెంచింది ఆమే. ఒకసారి పక్కూర్లో డేరా సినిమా వస్తే, వీన్ని ఎత్తుకోని చేన్లకడ్డం పడి నడిచిపోయిందంట. సగం ఆట ఆడినాక గాలివాన వచ్చి డేరా కూలిపోయె. తడుసుకుంటా ఇంటికొచ్చిరి. ఆ సినిమాలో తల్లీ కొడుకూ కడకు కలిసినారా లేదా అనేది ఆ పొద్దునుంచి ఈ పొద్దు వరకు తిప్పక్కకు తెలియదు. ఎవరన్నా చెప్పబోతే చెవులు మూసుకునేది, చూసే తెలుసుకుంటా అని. అట్లాంటి అక్కను మన మద్దిలేటి కొత్తిల్లు చేరేటప్పుడు ఎట్ల పిలిచినాడో తెలుసా? ఫోన్లో! ఊరందరికీ సుంకులమ్మ తిరిగి బొట్టు పెట్టి చెప్పొచ్చె, తోడబుట్టినదానికి ఫోను! నేనైతే వాని మొగం మీదే అడిగేసినా, నీకు కాళ్లు పడిపోయినాయా ఏమిరా అని. పనుల్లో పడి మరిసిపోయినా పెద్దమ్మా అన్న్యాడు. తిప్పక్క రాలే. వాని ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను అని ఒట్టేసుకునె.

కొత్తిల్లుండి ఏం లాభం, అక్క రానిది? కడకు మొగుడూ పెండ్లాము బొట్టూ కోకా పట్టుకోని పోయిరి. అక్కా, ఆ సగం సినిమా మా ఇంట్లో మొత్తం చూపిస్తా రా అన్న్యాడు. ఆమె బొట్టు పెట్టించుకునె. మళ్ల, వస్తానురా, చూస్తా, కడదాకా ఆడితే నీ ఇంట్లో రొట్టె తింటా, నడుమ ఆగిపోయిందనుకో, లేచి నా తోవన నేను పోతా, మళ్ల పిలవాకు అనె. ఆమె అన్నదంటే అన్నదే. వాళ్ల వంశమే అంత.

ఇంక చూడండి వీని అవస్త. సామాన్లన్నీ దిగె. తెర కట్టె, స్పీకర్లు బిగించె. అన్నిటికీ మూలం సౌండుపెట్టె, అది బతికుంటేనే స్పీకర్లు మాట్లాడేది. దాన్ని యాడ పెట్టాల? సామాను అమ్మినాయన, గాలాడే తావు చూసి పెట్టుకో రెడ్డీ అంటాండాడు. అంటే మన మద్దిలేటికి నవ్వొచ్చె. నేలకింద వస్తువు దాచేది మాకు చెప్తావా సామీ, మా తాత జొన్నలు పెడితే మా నాయన పెండ్లికి తీసినారు, ఒక్క గింజ చెడిపోలే అన్న్యాడు. అని ఏం చేసినాడంటే, ఆ పాతర గూట్లో అడుగున గడ్డి పరిచినాడు, యాపాకు ఏసినాడు, సౌండుపెట్టె పెట్టినాడు, చెక్కతలుపు మూసినాడు, సందుల్లో బంకమన్ను మెత్తినాడు. తీగలొచ్చే బొక్కకు గూడా మన్నే. నవ్వాకండమ్మా, మీ ఇంట్లో మొగోళ్లైతే ఇంకా ఘనంగా మెత్తుండ్రు.

పెట్టి చూస్తే బాగానే పలికె. గదంతా దడదడలాడె. పాటలైపోయి మాటలు మొదలయ్యేసరికి టక్కున సౌండు పోయె. తెర మీద బొమ్మలు నోర్లు ఆడిస్తాండాయి, మాట లేదు. ఆహా, చెమ్మ దూరింది అన్న్యాడు. ఇంకా మందంగా మెత్తినాడు. మళ్ల పెడితే ఈసారి ఇంకా ముందే ఆగిపోయె. ఎలకలు దూరినాయి అన్న్యాడు. పేడ కలిపి మెత్తినాడు. ఒక దినం మంచిగా ఆడె, ఎందుకాడె అంటే కొంచెంసేపే పెట్టి ఆపేసినాడు గనక. అదిగో, సరిపోయింది, నా చేతిపని అంటే ఏమనుకున్న్యారు అని మీసం తిప్పె. సుంకులమ్మతో ఏమన్న్యాడంటే, అక్క వచ్చేలోపల నీ ఉల్లిగడ్డలు ఎత్తేయి, కంపు కొడతాండాది అన్న్యాడు. ఆమె ఎత్తను అనె. అట్లయితే ఇను, అక్క ముందర నా సినిమా కడదాకా ఆడకపోతే గదంతా నీకే, గోడలదాకా ఉల్లిగడ్డలే పోసుకో, నేను ఆ మెట్లు దిగితే ఒట్టు అన్న్యాడు. వీధిలో నిలబడి అన్న్యాడు, మేమందరం ఇన్న్యాము.

తిప్పక్క వచ్చె. మద్యాన్నం పూట, బయట నిప్పులు చెరిగే ఎండ. ఇంట్లో మంచినీళ్లిస్తే ముట్టలే. గమ్మున కిందికి దిగి కుర్చీలో కూచునె. మేమందరం కింద చాపల మీద. సినిమా మొదలాయె. ఆమె కండ్లు ఆర్పకుండ చూస్తాండాది. తల్లి ఏట్లో కొట్టుకపోయె, కొడుకు దిక్కులేనోడాయె, పెద్దోడాయె, ఊరూరూ ఎతుకుతాండాడు. అప్పుడు తిప్పక్క మెల్లిగా, ఈడికే, సరిగ్గా ఈడికే డేరా కూలిపోయింది అనె. అన్నదో లేదో, టక్కుమని సౌండు పోయె!

మద్దిలేటి మొగం చూడాల మీరు. నెత్తురు లేదు. గూడుకాడికి ఉరికి, చెమ్మ, చెమ్మ, ఇంకా మన్ను తెండి అంటాండాడు. తిప్పక్క కుర్చీలోంచి లేచె. కోక కొంగు భుజాన ఏసుకునె. మెట్ల దిక్కు తిరిగె.

ఇప్పుడు సుంకులమ్మ సంగతి ఆలోచన చెయ్యండి. ఆమె నోరు మూసుకోని కూచుంటే గదంతా ఆమెది. కూచునింది గూడా, ఒక గడియ కూచునింది, నేను చూసినా. మొగుని వంక చూసె, చిన్నపిల్లోని మాదిరి మన్ను పిసుకుతాండాడు. ఆమె మొగం ఏదో అయిపోయె. లేచి పోయి ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించె. ఆనించి ఎనక్కి తీసుకునె. మన్ను కాదు, గడ్డపార తే అప్పా అనె. ఎందుకే అంటే, నీ పెట్టె ఉడికిపోతాండాది, అందుకే నోరు పడిపోతాండాది అనె. ఆయన కదిలేలోపల తానే అటక మీదుండే కొడవలి సందులో దూర్చి తలుపు ఊడబెరికె. లోపలనుంచి కుంపటి మూత తీసినట్ల సెగ కొట్టె. గడ్డి అప్పటికే కమురుకంపు. ఇంకొంచెంసేపైతే అంటుకునేదే.

ఇది జొన్న కాదప్పా, ఉల్లిగడ్డ అనె సుంకులమ్మ. జొన్నను మూస్తే ఉంటాది, ఉల్లిగడ్డను మూస్తే కుప్పలోనే కాగి చస్తాది, చెయ్యి పెట్టి చూసినోళ్లకు తెలుస్తాది అనె. అని, ఒక తడికె మీది ఉల్లిగడ్డలన్నీ తన కొంగులోకి ఊడ్చి కింద పోసె. ఆ తావులో సౌండుపెట్టెను పెట్టించె. గూడు పక్కనే అటక గనక తీగలు సరిపోయె. పైన కిటికీ బారుగా తెరిపించె. మళ్ల తిప్పక్క దగ్గరకు పోయి, వదినా, డేరా కూలిపోలే, సల్లారేదాకా ఆగు అంతే, అంత దూరం నడిచి చూసినదానివి, ఈ కాసేపు కూచోలేవా అనె. తిప్పక్క మెట్ల వంక చూసె, తమ్ముని మన్ను చేతుల వంక చూసె. నువ్వు అడిగినావని కూచుంటాండా మే, వాడు కాదు అనె. కూచునె.

పెట్టె సల్లారె. సౌండొచ్చె. ఆటంతా ఆడె, గాలి తగులుతాంటే దానికి ఏ నొప్పీ లేదు. కడకు ఆ కొడుకు తల్లిని కనుక్కునె. అమ్మా అని పిలిచె. అంతే. లైటు ఏస్తే తిప్పక్క కొంగుతో కండ్లు తుడుచుకుంటాండాది. మద్దిలేటి ముందర మోకాళ్ల మీద కూచోని, ఏందక్కా అన్న్యాడు. ఏం లేదురా, నీ గదిలో ఉల్లిగడ్డల ఘాటు అనె. లేచి, అటక మీద ఒక గడ్డ ఏరుకోని, కింది మెట్టు మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పగలగొట్టి, ఏమ్మే సుంకులమ్మా, రొట్టె ఏది, ఆకలైతాంది అనె.

ఆ గది ఇప్పుడు సగం సినిమాది, సగం ఉల్లిగడ్డలది. పందెం ఎవరు గెలిచినట్ల అని మొగుడూ పెండ్లాము ఈ పొద్దుకూ వాదులాడుకుంటాండారు, వాళ్ల ఖర్మ. తిప్పక్క మాత్రం ఎవరడిగినా ఉల్లిగడ్డల ఘాటే అంటాది. నేను ఆ కింది మెట్టు పక్కనే ఉంటి గదా. ఆమె గడ్డ పగలగొట్టింది తర్వాత, కండ్లు తుడుచుకునింది ముందు. పుట్టినప్పటినుంచి ఉల్లిగడ్డల్లోనే బతికినదాన్ని, పగలని గడ్డకు ఎవరికీ కండ్లెంబడి నీళ్లు రావు.